ఎర్రగడ్డ తప్పెలా అయింది? – బడి తెరిచిన తొలి వారాల గురించి

(జూన్ నెలాఖరులో చంద్రగిరి వైపు చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే ఒక స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో, పదవీ విరమణ చేసిన ఒక ప్రధానోపాధ్యాయుడు మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయినవాళ్ళు అడిగారని ఫోన్ రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాది ఆయన అన్నట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. భోజనాలయ్యాక మైకు నాకిచ్చారు. ఎందుకిచ్చారో నాకు తెలుసు. రిటైరైనవాడు మాట్లాడేటప్పుడు నిద్రపోతే ఎవరూ మెమో ఇవ్వరు. పడుకోవాలనుకునేవాళ్ళు వెనక బెంచీల్లోకి వెళ్ళండి, ఫ్యాను అక్కడే బాగా తిరుగుతోంది. నేనేమీ అనుకోను. నేనూ ఇట్లాంటి మీటింగుల్లో బాగా పడుకున్నవాణ్ణే.

జూన్ 12న బడి తెరిచాం. రెండు వారాలు దాటింది. ఈ రెండు వారాల్లో మీరేం చేశారో నేను చెప్పగలను. కిట్లు పంచారు. బూట్లు సరిపోకపోతే ఒకరివి ఒకరికి మార్చారు. ఫొటోలు తీసి అప్‌లోడ్ చేశారు. నెట్ రాక ఆ గుండ్రం తిరుగుతుంటే, ఫోను పట్టుకుని వేపచెట్టు కిందికొకసారి, గేటు దగ్గరికొకసారి తిరిగారు. అవునా కాదా? అవునని గట్టిగా చెప్పండమ్మా, ఇక్కడ ఎవరూ రాసుకోవడం లేదు.

సరే. ఇవన్నీ చేస్తూనే ఒకటో తరగతి పిల్లల్ని కూర్చోబెట్టి ఏం చేశారు? ఎవరైనా చెప్పండి. ఏమ్మా, మీరు చెప్పండి. అ ఆ ఇ ఈ రాసి దిద్దమన్నారా? మీరు? పుస్తకం మొదటి పాఠం మొదలుపెట్టారా? మంచిది. తప్పు పట్టడానికి అడగలేదు. నేనూ అదే చేశాను. ఒకటి కాదు రెండు కాదు, చాలా ఏళ్ళు చేశాను. అందుకే మీ ముందు నిలబడి మాట్లాడే ధైర్యం చేస్తున్నాను. నా తప్పు ఒకటి చెప్తాను వినండి.

నేను ఉద్యోగంలో చేరింది 1990లో. పుత్తూరు అవతల, తమిళనాడు బోర్డరుకి దగ్గర్లో ఒక పల్లె. ఊరి పేరెందుకులెండి. కొత్త ఉత్సాహం, కొత్త చొక్కా. చిత్తూరు వెళ్ళి సొంత డబ్బులతో కూరగాయల చార్టు కొనుక్కొచ్చాను. గోడకి తగిలించి, బెత్తంతో ఒక బొమ్మ చూపించి ఇదేమిటి అని అడిగాను. ముందు వరసలో ఒక పాప, రెండు జడలు, ఒక రిబ్బను ఊడిపోయి ఉంది, చటుక్కున లేచి "ఎర్రగడ్డ" అంది.

నేనేమన్నాను? "కాదు. ఉల్లిపాయ. అందరూ చెప్పండి, ఉల్లిపాయ."

అందరూ ఉల్లిపాయ అన్నారు. రెండో బొమ్మ చూపించాను. ఆ పాపే లేచి "ఉర్లగడ్డ" అంది. "కాదు, బంగాళాదుంప." అందరూ బంగాళాదుంప అన్నారు. మర్నాడు జంతువుల చార్టు. "ఎనుము" అంది. "కాదు, గేదె." ఇంక ఆ పాప లేవలేదు. ఆ రోజు లేవలేదు, మర్నాడు లేవలేదు, ఆ వారమంతా లేవలేదు. నేను దాన్ని గమనించానా? లేదు. క్లాసు నిశ్శబ్దంగా ఉంది, క్రమశిక్షణ వచ్చేసిందని సంతోషపడ్డాను.

పది రోజులకి వాళ్ళమ్మ వచ్చింది. చేలో నుంచి వచ్చింది, చేతికి మట్టి అట్లాగే ఉంది. "అయివోరూ, మా పాప ఇంట్లో వసపిట్ట మాదిరి వాగతా ఉంటాది. బడికొస్తే నోట్లో నాలుకే లేదంట కదా, ఏమన్నా జరిగిందా?" అని అడిగింది. నేను ఏమీ జరగలేదమ్మా, కొత్త కదా, అలవాటవుతుంది అని చెప్పి పంపించేశాను.

అసలు సంగతి ఆ సాయంత్రం తెలిసింది. సంతకి వెళ్ళాను. సంచి తెరిచి ఆ కొట్టతన్ని ఏమని అడిగానో తెలుసా? "ఎర్రగడ్డలు కిలో ఎంత?" అని అడిగాను. అడిగేశాక నా నోరు నేనే మూసుకున్నాను. మా అమ్మ ఎర్రగడ్డ అంటుంది, మా జేజి ఎర్రగడ్డ అంటుంది, నేనూ ఎర్రగడ్డే అంటాను. బడి గడప దాటి లోపలికి రాగానే అది తప్పెలా అయింది? ఎవరు తప్పన్నారు? నేనన్నాను. ఆరేళ్ళ బిడ్డకి ఎర్రగడ్డ తప్పని చెప్తే వాళ్ళమ్మ తప్పని చెప్పినట్టే కదా.

పిల్లలు మన దగ్గరికి ఖాళీ పలకతో వస్తారు. కానీ ఖాళీగా రారు. ఐదారేళ్ళు ఇంట్లో, వీధిలో, చేలో, అవ్వ ఒళ్ళో కూర్చుని నేర్చుకున్న మాటలు మూటగట్టుకుని వస్తారు. మొదటి మూడు వారాలు మన పనల్లా ఆ మూట విప్పించడం. ఈ రోజు నేను చెప్పబోయేది ఇదొక్కటే. మిగతావన్నీ అది ఎట్లా విప్పించాలో చెప్పే కథలు.

ఆ తర్వాత ఏం చేశానంటే, బోర్డు మీద రెండు గళ్ళు గీశాను. ఒకటి ఇంటి పేరు, ఒకటి పుస్తకం పేరు. మనుషులకే కాదు కూరగాయలకీ ఇంటిపేరు ఉంటుందిరా అంటే పిల్లలు పడీ పడీ నవ్వారు. ఎర్రగడ్డ ఇంటి పేరు, ఉల్లిపాయ పుస్తకం పేరు. ఉర్లగడ్డ, బంగాళాదుంప. ఎనుము, గేదె. చెనిక్కాయలు, వేరుశనగ. బొరుగులు, మరమరాలు. పిల్లలే రోజుకి నాలుగు తెచ్చేవాళ్ళు. తమిళం మాట్లాడే ఇళ్ళ నుంచి వచ్చేవాళ్ళు వెంగాయం అన్నారు, దానికీ ఒక గడి గీశాం. ఇప్పుడు మీ పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు ఉంది కాబట్టి ఆనియన్‌కి ఇంకో గడి గీయండి. నాలుగు పేర్లు వస్తాయి. పిల్లలకి బరువనుకుంటున్నారా? వాళ్ళకి కాదు, మనకే బరువు.

నగరి, సత్యవేడు, కుప్పం వైపు పనిచేసేవాళ్ళకి ఒక చిన్న చిట్కా. తమిళం మాట్లాడే బిడ్డకి అంకెలు నేర్పేటప్పుడు ఒకటి నుంచి మొదలుపెట్టకండి. రెండు నుంచి మొదలుపెట్టండి. వాళ్ళ మాటలోనూ రెండు రెండే, ఆరు ఆరే. తన ఇంటి మాట బడిలో వినపడగానే ఆ ముఖం చూడండి మీరు.

సరే, ఆ పాప ఏమైందని అడగరేం? రెండు జడల పాప. మళ్ళీ నోరు విప్పడానికి నెల పట్టింది. నేను మూడు మాటల్లో మూయించిన నోరది.

ఇంక పేర్ల సంగతి. ఇప్పటి పిల్లల పేర్లు హాజరుపట్టీలో రాయాలంటే మనకే చెమట పడుతుంది. రిత్విక్, జ్యోష్ణవి, హన్షిత. వెనకటికి మునెమ్మ, సుబ్బడు అని పెట్టేవాళ్ళు, ఏ బాధా లేదు. ఇప్పుడు పేరులోనే వత్తులు, గుణింతాలు, సున్నలు అన్నీ ఉంటాయి. మనమేమో అ, ఆ దగ్గర ఉంటాం. పిల్లవాడి పేరులో ఉన్న అక్షరం మన పాఠంలోకి వచ్చేసరికి సంక్రాంతి వస్తుంది.

కానీ ఒక వింత ఉంది, చూడండి. పేరులోని అక్షరాలేవీ రాని పిల్లవాడు పేరు మొత్తాన్ని గుర్తుపడతాడు. బొమ్మని గుర్తుపట్టినట్టు గుర్తుపడతాడు. పాత పెళ్ళి శుభలేఖల వెనక తెల్లగా ఉంటుంది కదా, దాన్ని కత్తిరించి పేర్లు పెద్దగా రాయండి. గుమ్మం పక్కన తాడు కట్టి బట్టల క్లిప్పులతో తగిలించండి. పొద్దున వచ్చినవాడు వచ్చినట్టు తన పేరు తీసి ఇంకో తాడుకి మార్చుకోవాలి. అంతే పని. మొదటి నాలుగు రోజులు మీరు చూపించాలి. ఐదో రోజు నుంచి వాడే తీస్తాడు. ఎనిమిదో రోజుకి పక్కవాడి పేరు కూడా తీసి "సార్, వీడు ఈరోజు రాలా, వాళ్ళ అవ్వ ఊరికి పోయినాడు" అని చెప్తాడు. హాజరు మీరు తీసుకోవాల్సిన పనే లేదు. మొదటి తాడు మీద మిగిలిపోయిన పేర్లు రానివాళ్ళవి.

తర్వాత ఆట. లావణ్య పేరు, లోకేష్ పేరు పక్కపక్కన పట్టుకోండి. రెండింట్లో ఒకేలా ఉన్నదేమిటి అని అడగండి. తలకట్టు లేదు, దీర్ఘం వేరు, ఓత్వం వేరు, అయినా ఆ ల ఆకారాన్ని పట్టుకుంటారు. వేలు పెట్టి చూపిస్తారు. ఇది అక్షరం నేర్చుకోవడం కాదంటారా?

ఇప్పుడు టెంకల కథ. కొందరికి తెలుసు ఇది, అక్కడ నవ్వుతున్నారు చూడండి.

మనకి బడి తెరిచేది మామిడికాయల కాలంలో. ఇది మన జిల్లాకున్న అదృష్టం. జూన్‌లో తోతాపురి ట్రాక్టర్లు గుజ్జు ఫ్యాక్టరీల ముందు బారులు తీరి ఉంటాయి. ఏ పిల్లవాడి చొక్కా చూసినా జీడి మరక. మూతి చుట్టూ జీడికి కాలిన మచ్చ. బడికి రాని పిల్లల కోసం ఇంటికి వెళ్తే తోపులో ఉంటారు. ఒక ఏడాది నాకు విసుగొచ్చి, సరే, తోపునే బడికి తెచ్చుకుందాం అనుకున్నాను. "రేపు ప్రతి ఒక్కరూ తిన్న మామిడిపండు టెంక కడుక్కుని తీసుకురండిరా" అన్నాను.

కడుక్కుని అన్నాను. ఎవరు కడుగుతారు? మర్నాడు ఇరవై రెండు మంది, నలభై పైన టెంకలు. పీచు పీచుగా, రసం కారుతూ. నేల మీద సుద్దతో గీతలు గీశాను. బేనీషా ఒక వరస, తోతాపురి ఒక వరస, నీలం ఒక వరస, కాదర్ ఒక వరస. ఎవరి టెంక వాళ్ళు తెచ్చి వాళ్ళ వరసలో పెట్టాలి. మొదటి తగాదా అక్కడే వచ్చింది. ఇది బేనీషా కాదు కాదర్ అని ఒకడు, కాదు బేనీషానే, మా తోపులోది నాకు తెలీదా అని ఇంకొకడు. నాకు తేడా తెలియదు. పిల్లలే తేల్చుకున్నారు. ఎలా తేల్చుకున్నారు? పొడుగు కొలిచారు, వాసన చూశారు, పీచు గుంజి చూశారు. వాటి పేర్లు గమనించడం, పోల్చడం, వర్గీకరించడం అని పుస్తకంలో ఉంటాయి, మీరు పాఠ్య ప్రణాళికలో రాసుకోవచ్చు.

వరసలు పూర్తయ్యాక దూరంగా నిలబడి చూడమన్నాను. ఏ వరస పొడుగుంది? తోతాపురి. లెక్కపెట్టకుండానే చెప్పారు. తర్వాత లెక్కపెట్టారు. ఒక గడుసు పిల్ల ఏమందంటే, "సార్, మోసం. తోతాపురి టెంకలు పొడుగు సార్, అందుకే వరస పొడుగైంది." విన్నారా? టెంక పెద్దదైనా చిన్నదైనా ప్రతిదానికీ ఒకే అంత చోటు ఉండాలని ఆ బిడ్డ చెప్పింది. పెద్ద తరగతుల్లో కమ్మీ చిత్రం, అదే బార్ గ్రాఫ్, నేర్పేటప్పుడు మనం ఎంత గొంతు చించుకున్నా ఎక్కని మాట అది. సుద్దతో గళ్ళు గీసి, గడికొక టెంక పెట్టి మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి బేనీషా గెలిచింది.

అంతా బాగుంది. టెంకలు మర్నాటికి కూడా పనికొస్తాయని బీరువా కింద సంచిలో దాచాను. శనివారం. ఆదివారం సెలవు. సోమవారం తలుపు తీస్తే… ఇంక చెప్పక్కర్లేదు. ఎర్రచీమలు హాజరుపట్టీలోకి కూడా ఎక్కాయి. మా హెచ్చెమ్ గారు అప్పట్లో కాస్త కోపిష్టి మనిషి, "ఇది బడా, మామిడి మండీనా?" అన్నారు. ఆయన అన్నదాంట్లోనూ తప్పులేదు. ఆ తర్వాతి నుంచి నేను ఎండబెట్టిన టెంకలే వాడాను. ఎండితే గలగలా మోగుతాయి కూడా, తాళానికి పనికొస్తాయి.

పది దగ్గర మాత్రం కాసేపు ఆగండి. టెంకలు పెద్దవి, పదేసి కట్టలు కట్టలేం. దానికి చీపురు పుల్లలు. పది పుల్లలు, ఒక రబ్బరు బ్యాండు. పిల్లవాడే కట్టాలి, మీరు కట్టి ఇవ్వొద్దు. తెలుగులో పదకొండు నుంచి పంతొమ్మిది దాకా పేర్లు కాస్త తిక్కగా ఉంటాయి. పదకొండులో, పన్నెండులో, పంతొమ్మిదిలో పది ఎక్కడుందో పట్టుకోవడం కష్టం. ఇరవై దాటితే మన భాష దయగలది, ఇరవై ఒకటి, ఇరవై రెండు అని చక్కగా పోతుంది. కాబట్టి పిల్లలు తడబడేది ఆ మధ్యలోనే. పుల్లల కట్ట చేతిలో ఉంటే చెవి మోసపోయినా చెయ్యి మోసపోదు.

చెయ్యి అన్నాను కాబట్టి రాయడం సంగతి. తల్లిదండ్రులు మొదటి వారంలోనే అడుగుతారు, "ఏం రాయించలేదే సార్?" అని. మీకూ టెన్షన్. రాయించేస్తే నోటుపుస్తకంలో కనపడుతుంది కదా. నేనడుగుతాను, బలపం పట్టుకోవడం రాని వేళ్ళతో ఏం రాయిస్తారు? సగం మంది బలపం రాయడానికి కాదు, తినడానికనుకుంటారు. మా క్లాసులో డబ్బా బలపాలు వారం ఆగేవి కాదు.

మన తెలుగు అక్షరం గుండ్రం. గుండ్రం తిప్పడానికి మణికట్టు తిరగాలి, వేళ్ళకి బలం ఉండాలి. దానికి చెరువు మట్టి కావాలి, చింతగింజలు కావాలి, చించడానికి పాత పేపర్లు కావాలి. అక్షరాల సంగతే చూడండి. వ రాసి కొస దగ్గర చిన్న వంపు పెడితే మ. ప, వ, న, స, వీటి మధ్య తేడా ఎంత? చీమ తలంత. పెద్దవాళ్ళం మనకి కనపడుతుంది, ఆరేళ్ళవాడికి అన్నీ ఒకే కుటుంబం మనుషుల్లాగ ఉంటాయి. అన్నీ ఒకే రోజు బోర్డు మీద రాసి చదవరా అంటే వాడు మన మొహం చూస్తాడు. దూరం దూరంగా నేర్పండి. వ నేర్పి, నాలుగు రోజులు క చుట్టూ, ర చుట్టూ తిరిగి, అప్పుడు మ దగ్గరికి రండి.

మట్టి రోజు ఒకటి చెప్పాలి. అప్పుడు శ్రీకాళహస్తి వైపు పనిచేస్తున్నాను. స్వర్ణముఖి ఒడ్డున యానాదుల కాలనీ. అక్కడి నుంచి ఒక పిల్లవాడు వచ్చేవాడు. సంచి భుజానికి తగిలించుకునే కూర్చునేవాడు, దించేవాడు కాదు. ఎప్పుడైనా లేచి వెళ్ళిపోవడానికి సిద్ధంగా ఉన్నట్టు. పిల్లలకి ముందే ఏమేం వచ్చో చూసే బేస్‌లైన్ పరీక్ష పెట్టాం. అక్షరాలు, చెప్పలేడు. అంకెలు, చెప్పలేడు. బొమ్మ చూసి మాట్లాడటం, మాట్లాడడు. అన్ని గళ్ళలో అదే రాశాను, సంతకం పెట్టాను.

ఒక శుక్రవారం మట్టి పిసికి, మీకిష్టమైంది చెయ్యండిరా అన్నాను. అందరూ వినాయకుడు, లడ్డు, ట్రాక్టరు, పాము. పాము తేలిక కదా. వాడు సంచి దించాడు. మొదటిసారి దించాడు. గంటసేపు తల ఎత్తలేదు. దగ్గరికి వెళ్ళి చూస్తే ఐదు చేపలు. ఐదూ ఒకే రకం కాదు. "సార్, ఇది జెల్ల. మీసాలుంటాయి. ముల్లు గుచ్చుకుంటే జొరమొస్తాది. ఇది కొరమీను, తల పాము తల మాదిరి ఉంటాది. ఇవి పరిగెలు." పక్కన ఇంకొకటి ఉంటే, ఇదేం చేపరా అన్నాను. నన్ను జాలిగా చూసి "అది చేప కాదు సార్, ఎండ్రకాయ" అన్నాడు. కాళ్ళు లెక్కపెట్టాను. ఎనిమిది కాళ్ళు, రెండు కొండీలు. సరిగ్గా ఉన్నాయి. అంకెలు చెప్పలేడని రాసింది ఎవరి గురించి? ఆ మధ్యాహ్నం ఆ పట్టిక తీసి చూసుకున్నాను. కింద నా సంతకం ఉంది.

మీసాలంటే గుర్తొచ్చింది. గుజరాత్‌లో గిజుభాయి బధేకా అని ఒకాయన ఉండేవారు. వకీలు. ఆ పని వదిలి భావనగర్‌లో పిల్లల బడి పెట్టారు, 1920లో బాలమందిర్. పిల్లలు ఆయన్ని మీసాలున్న అమ్మ అని పిలిచేవాళ్ళట. మీసాలున్న సార్లందరూ కాస్త ఆలోచించుకోండి.

ఈ ఆటపాటల చదువు కొత్తగా ఎవరో ఢిల్లీ నుంచి తెచ్చింది కాదు. మేం చేరిన కొత్తల్లో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం నడిచేది, ఆపెప్ అనేవాళ్ళం, బ్రిటన్ సాయంతో నడిచింది. ఆరు సూత్రాలు చెప్పేవాళ్ళు. టీచరే కృత్యాలు తయారుచేసుకోవాలి, పిల్లలు చేసి నేర్చుకోవాలి, ఒక్కరుగా, గుంపుగా, క్లాసంతా కలిసి పనిచేయాలి, బిడ్డకీ బిడ్డకీ ఉన్న తేడా చూడాలి, చుట్టుపక్కల ఉన్నది వాడుకోవాలి, పిల్లలు చేసినవి గోడకి పెట్టాలి. ముప్పై ఏళ్ళు దాటింది. ఇప్పుడు మీకొచ్చే మాడ్యూల్స్‌లో ఇంతకంటే వేరే ఏముంది? విద్యాప్రవేశ్ వచ్చింది, మంచిదే, మొదటి మూడు నెలలు ఆటలతో బడికి అలవాటు చేయమంటుంది. పేర్లు మారుతుంటాయి, మీరు పేర్ల గురించి కంగారుపడకండి.

ఒక్క మాట మాత్రం నిపుణ్ భారత్ గురించి, చిన్న తరగతుల పిల్లలకి చదవడం, లెక్కలు రావాలని కేంద్రం పెట్టిన కార్యక్రమం అది. మూడో తరగతి బిడ్డ నిమిషానికి కనీసం 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలని లక్ష్యం. లక్ష్యం మంచిదే. కానీ పదం అంటే ఏ భాష పదం? "వెళ్ళిపోతానంటున్నాడు" మనకి ఒక్క పదం. ఇదే మాట హిందీలో చెప్పాలంటే నాలుగైదు పదాలవుతాయి. మన బిడ్డ ఒక పదం చదివేలోపు అవతలి బిడ్డ నాలుగు లెక్కేసుకుంటాడు. గడియారం పట్టుకుని కూర్చున్నప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి. ఈ నెల్లో అయితే అసలు గడియారమే వద్దు.

ఐదు తరగతులు, ఒక్క టీచరు ఉన్నవాళ్ళు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. మీకు నేను చెప్పడం కంటే ఒకసారి మదనపల్లె దగ్గర రిషివ్యాలీ స్కూలుకి వెళ్ళి రండి. అక్కడి గ్రామీణ విద్యా కేంద్రంవాళ్ళు చుట్టుపక్కల పల్లెల్లో చిన్న చిన్న బడులు నడిపారు. నేను చూసినప్పుడు గోడ మీద ఒక నిచ్చెన ఉంది, మెట్టు మెట్టుకీ జంతువు బొమ్మో ఇంకో బొమ్మో. పిల్లవాడు వచ్చి తన మెట్టు చూసుకుని, ఆ బొమ్మ ఉన్న కార్డు తనే తీసుకుని, తన గుంపులో కూర్చుంటాడు. టీచరు నేల మీద, వాళ్ళ మధ్యలో. వయసు వేరు, మెట్టు వేరు. కర్ణాటకవాళ్ళు 1995లో వచ్చి చూసి వెళ్ళి, ఆ పద్ధతికే నలి కలి, అంటే ఆడుతూ నేర్చుకో, అని పేరు పెట్టుకున్నారు. చెన్నై కార్పొరేషన్ బడులవాళ్ళు 2003 ప్రాంతంలో వచ్చారు, తర్వాత తమిళనాడంతా పాకింది. మన ఇంటి పెరట్లో చెట్టు, పక్కింటివాళ్ళు వచ్చి కాయలు కోసుకెళ్ళారు.

అయితే జూన్‌లోనే కార్డులు చేతికివ్వొద్దు. ముందు కూర్చోవడం, పంచుకోవడం, తీసినది తీసినచోట పెట్టడం రావాలి. దానికి పది రోజులు పడుతుంది. పెద్ద పిల్లల్ని చిన్నవాళ్ళతో జత కట్టండి. ఐదో తరగతి అక్క ఒకటో తరగతి తమ్ముడికి బూటు లేసు కట్టడం నేర్పితే అదీ పాఠమే.

ఏమ్మా, చెయ్యెత్తారు? తల్లులు ఊరుకోవడం లేదా? నోటుపుస్తకం ఖాళీగా ఉందంటున్నారా? పక్క ప్రైవేటు స్కూల్లో ఏ బీ సీ డీలు అయిపోయాయంటున్నారా? ఉంటుందమ్మా. వాళ్ళనీ తప్పు పట్టలేం. కూలి డబ్బుల్లో నుంచి పెన్సిలు కొనిచ్చిన తల్లికి రాత కనపడాలి.

నేనేం చేశానంటే, అట్లా అడిగిన ఒకామెనే బడికి పిలిచాను. చదువు రాదు నాకు, నేనొచ్చి ఏం చెప్తాను అయివోరూ అంది. ముగ్గు వేస్తావా అన్నాను. ముగ్గెందుకు వేయలేను అంది. వరండాలో పిల్లలందరినీ గుండ్రంగా కూర్చోబెట్టాం. ఆమె పిండి తీసుకుని, మధ్యలో ఏడు చుక్కలు, నాలుగు దాకా సందు చుక్క. పెడుతూ పెడుతూ తనే పైకి లెక్కపెట్టింది, ఏడు, ఆరు, ఐదు, నాలుగు. మళ్ళీ ఇటువైపు ఆరు, ఐదు, నాలుగు. పిల్లలు ఆమెతో పాటే లెక్కపెట్టారు. మొత్తం ఎన్ని చుక్కలు అన్నాను. ఒకడు ముప్పై ఐదన్నాడు, ఒకడు నలభై అన్నాడు. అందరూ వంగి చుక్క మీద చింతగింజ పెడుతూ లెక్కపెట్టారు. ముప్పై ఏడు. ఆమె నోరు తెరిచి చూస్తూ ఉంది. ఇన్నేళ్ళుగా వేస్తున్నాను, మొత్తం ఎన్నో ఎప్పుడూ లెక్కపెట్టలేదు అంది. తర్వాత గీత కలపడం. చుక్క చుట్టూ తిప్పి, సున్న చుట్టి, మళ్ళీ కలపడం. ఆమె చెయ్యి పట్టుకుని వాళ్ళ అబ్బాయి తిప్పాడు. ఆ వంపు చూస్తే అచ్చం ర. నేనేం చెప్పలేదు. ఆమే అడిగింది, "ఇది రాత మాదిరే ఉందే అయివోరూ?" అని. తర్వాత వీధిలో ఎవరైనా బడిలో ఏం రాయించడం లేదంటే ఆమె ఊరుకునేది కాదు, నాకంటే గట్టిగా మాట్లాడేది.

మగపిల్లలు ముగ్గు వేయకూడదని ఎవరైనా అంటే వినకండి. వాళ్ళదీ చెయ్యే.

బస్సు టైమైందని హెచ్చెమ్ గారు సైగ చేస్తున్నారు. ముగించేస్తాను. బేనీషా అయిపోవస్తోంది, తోతాపురి ఇంకా ఉంది, నీలం కాయలు కొన్నాళ్ళు వస్తాయి. రేపే చెప్పండి పిల్లలకి. టెంకలు కడిగించి, బడి మేడ మీద రెండు రోజులు బాగా ఎండబెట్టించండి. బీరువా కింద మాత్రం పెట్టకండి.